సున్నితమైన చర్మానికి ఇంట్లో చేసుకునే డియోడరెంట్: వేయవలసినవి, వేయకూడనివి

మీ ప్రశ్న సారాంశం ఇది. బజారులో దొరికే రోల్-ఆన్ ఏది వాడినా చంకల్లో దురద, మంట వస్తున్నాయి. ఒక వీడియో చూసి వంటసోడా, కొబ్బరినూనె, నిమ్మరసం, టీ ట్రీ నూనె కలిపి ఇంట్లో చేసుకున్నది వాడితే మొదట్లో వాసన పూర్తిగా పోయింది గాని, కొన్నాళ్లకు చర్మం ఎర్రబడి, పొట్టు రేగి, ఇప్పుడు నల్లగా మారింది. విజయవాడ ఎండల్లో రోజంతా బడిలో నిలబడి పాఠాలు చెప్పే మీకూ, పదమూడేళ్ల మీ అమ్మాయికీ సరిపడే డియోడరెంట్‌ను సహజ పదార్థాలతో ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు. చర్మానికి పూసే పొడులు, లేపనాలు తయారుచేయడం నా వృత్తి కాబట్టి కొలతలతో సహా చెబుతాను. అయితే మీవంటి చర్మానికి చేసే డియోడరెంట్ బాగా కుదరడం, కుదరకపోవడం చాలావరకు అందులో వేయకుండా వదిలిన వస్తువుల మీదే ఆధారపడి ఉంటుంది. మీరు వాడిన నాలుగింటిలో మూడింటిని నేను ఎవరి చంకలకూ సూచించను. నాలుగోదైన కొబ్బరినూనెకు కూడా మన వేసవిలో ఒక చిక్కు ఉంది.

ముందు చర్మం మానాలి. చర్మపు పైపొర పూర్తిగా కొత్తగా ఏర్పడడానికి సుమారు 4 వారాలు పడుతుంది. అందాకా డియోడరెంట్ పేరుతో చంకల్లో ఏదీ పూయకండి. స్నానానికి గోరువెచ్చని నీళ్లు, పరిమళం కలపని, పీహెచ్ 5.5 ప్రాంతంలో ఉండే క్లెన్సర్ చాలు (పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). మనం వాడే మామూలు సబ్బుల పీహెచ్ 9, 10 వరకు ఉంటుంది, దెబ్బతిన్న చర్మం దానికి తట్టుకోదు. తువ్వాలుతో రుద్దకుండా తడి అద్దుకుని, మంటగా ఉన్నచోట వాసన లేని పెట్రోలియం జెల్లీ పలుచగా రాసుకుంటే సరిపోతుంది. నల్లదనం సంగతి వేరు. మంట తగ్గిన తర్వాత మిగిలే ఈ మచ్చ మన చామనఛాయ చర్మాల్లో నెలల తరబడి ఉండి, దానంతటదే నెమ్మదిగా తగ్గుతుంది. దాన్ని పోగొట్టాలని నిమ్మచెక్కతోనో, పంచదారతోనో రుద్దితే చర్మం మళ్లీ వాచి, నలుపు ఇంకా ముదురుతుంది.

ఇక వాసన ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఏ పదార్థం ఎందుకు పనిచేస్తుందో మీకే అర్థమవుతుంది. చెమటకు స్వతహాగా వాసన ఉండదు. ఒళ్లంతా ఉండే ఎక్రైన్ గ్రంథులు ఉప్పునీటి వంటి పలుచని చెమటను వదిలి ఒంటిని చల్లబరుస్తాయి. చంకల్లో, గజ్జల్లో ఎక్కువగా ఉండే అపోక్రైన్ గ్రంథులు యుక్తవయసులో పనిచేయడం మొదలుపెట్టి, కొవ్వులు, ప్రోటీన్లు కలిసిన చిక్కని ద్రవాన్ని వదులుతాయి. చర్మం మీద కాపురముండే కొరినీబాక్టీరియం, స్టెఫైలోకాకస్ హోమినిస్ వంటి బాక్టీరియా ఆ ద్రవంలోని పదార్థాలను విడగొట్టినప్పుడు కొన్ని కొవ్వు ఆమ్లాలూ, గంధకం కలిగిన థయోఆల్కహాళ్లూ పుడతాయి. ముక్కుకు తగిలే ఘాటు వాటిదే. తూర్పు ఆసియా ప్రజల్లో చాలామందికి ఏబీసీసీ11 అనే జన్యువులోని చిన్న తేడా వల్ల ఈ వాసన దాదాపు ఉండదు, వారి చెవిలో గుమిలి కూడా పొడిగా ఉంటుంది. కాబట్టి చంకల వాసన అంటే శుభ్రత లేకపోవడమేనని ఎవరైనా తేల్చి చెబితే నమ్మనవసరం లేదు.

దీన్ని బట్టి వాసనను తగ్గించే దారులు మూడు కనిపిస్తాయి. చెమట బయటికి రాకుండా నాళాలను మూయడం మొదటిది. అది అల్యూమినియం లవణాలతో చేసే యాంటీపర్‌స్పిరెంట్ల పని. బాక్టీరియాకు అనుకూలించే తడిని, వెచ్చదనాన్ని తగ్గించి, చర్మాన్ని కాస్త ఆమ్లంగా ఉంచడం రెండోది. పుట్టిన వాసనను పీల్చే పదార్థాన్ని అక్కడ ఉంచడం మూడోది. ఇంట్లో మనం చేయగలిగేవి ముఖ్యంగా రెండో, మూడో పనులు. అంటే ఇంట్లో చేసినది పూసుకున్నా చెమట పడుతుంది, జాకెట్టు తడుస్తుంది. తడి అసలే కనబడకూడదనుకునేవారికి ఈ దారి నచ్చదు, ఆ మాట ముందే చెప్పడం మంచిది. రోల్-ఆన్ మానేసిన మొదటి రోజుల్లో చెమట ఎక్కువైనట్టు అనిపించడానికి కారణం కూడా మూసుకుపోయిన నాళాలు తెరుచుకోవడమే. ఒంట్లోని విషాలు బయటికి పోతున్నాయని కొందరు చెప్పేది నిజం కాదు.

అల్యూమినియం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న భయంతో మీరు ఇంటి తయారీకి వస్తుంటే, ఆ భయం అక్కర్లేదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ అటువంటి సంబంధానికి స్పష్టమైన ఆధారం లేదనే చెబుతోంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి వాడాలని ఆ దేశంలో యాంటీపర్‌స్పిరెంట్ లేబుళ్ల మీద ముద్రిస్తారు. మీ సమస్య దురద, మంట. వాటికి అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం పరిమళం. ఐరోపా సంఘం 2005 నుంచే 26 పరిమళ పదార్థాలను అలర్జీ కలిగించేవిగా గుర్తించి, నిర్ణీత మోతాదు దాటితే వాటి పేర్లు లేబుల్ మీద విడిగా వేయాలన్న నియమం పెట్టింది. ఆ జాబితాలో లినలూల్, లిమొనీన్, జిరానియాల్, యూజినాల్ ఉన్నాయి; ఇవన్నీ లావెండర్, నిమ్మజాతి తొక్కలు, గులాబీ, లవంగం నూనెల్లో సహజంగా ఉండేవే. సీసా మీద సహజం అని రాసి ఉన్నంత మాత్రాన చర్మం ఊరుకోదు.

దీన్నిబట్టే మీ వీడియో మిశ్రమం మీద నా అభ్యంతరం. చర్మపు ఉపరితలం స్వల్పంగా ఆమ్ల గుణం కలది. వంటసోడా నీళ్లలో కరిగితే పీహెచ్ 8 దాటుతుంది. చంకలో చెమట ఎప్పుడూ ఉంటుంది గనుక సోడా అక్కడ రోజంతా కరుగుతూనే ఉంటుంది. మొదటి రోజుల్లో వాసన పూర్తిగా పోవడం నిజమే, ఎందుకంటే వాసనకు కారణమైన కొవ్వు ఆమ్లాలను అది తటస్థం చేస్తుంది. అదే సమయంలో చర్మపు పైపొరలోని రక్షణను కూడా కొద్దికొద్దిగా తినేస్తుంది. అందుకే ఈ మంట మొదటి రోజే రాకుండా కొన్నాళ్లు ఆగి వస్తుంది. దీనికితోడు సోడా పలుకులు గరుకుగా ఉండి, చేయి కదిలినప్పుడల్లా చర్మాన్ని గీస్తాయి. నిమ్మరసం పీహెచ్ 2 ప్రాంతంలో ఉంటుంది, పైగా నిమ్మజాతి పండ్లలో ఉండే ఫ్యూరోకూమరిన్లు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు పొక్కులు లేచి నల్లని చారలు మిగులుతాయి. చంకలకు ఎండ తగలదుగా అనవచ్చు. చెమటతో ఆ రసం చేతి లోపలి వైపుకు కారుతుంది, చేతులు లేని జాకెట్టు వేసుకున్న రోజున దాని సంగతి తెలుస్తుంది. టీ ట్రీ నూనె బాక్టీరియా మీద పనిచేసే మాట వాస్తవమే. కాని మూత తీసి వాడుతున్న సీసాలో గాలి, వెలుతురు తగిలి అది ఆక్సీకరణం చెందుతుంది, అలా పాతబడిన నూనె అలర్జీని తేలికగా రప్పిస్తుంది. అలర్జీ ఒకసారి ఏర్పడితే ఆ పదార్థానికి చర్మం జీవితాంతం ఎదురు తిరగవచ్చు గనుక, రెండు చుక్కల సువాసన కోసం ఆ ప్రమాదం తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. దాల్చినచెక్క నూనె, లవంగనూనె అయితే చంకల దరిదాపులకు కూడా రాకూడదు.

ఇక్కడ మన ఇళ్లలోని సున్నిపిండి గురించి చెప్పాలి, ఎందుకంటే సహజమైనదంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే. పెసరపిండి, శనగపిండి మెత్తగా ఆడించినవైతే ఒంటికి మంచివే, చంకల్లో రుద్దకుండా పట్టించి కడిగేస్తే ఇబ్బంది లేదు. చిక్కంతా సువాసన కోసం, మేనిఛాయ కోసం కలిపే దినుసుల్లో ఉంది. వనమూలికల దుకాణంలో సున్నిపిండి సామాను అడిగితే కచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేళ్లు, బావంచాలు, చెంగల్వ కోష్టు కలిపి పొట్లం కట్టి ఇస్తారు. వీటిలో బావంచాలు సోరలెన్ అనే పదార్థం ఉన్న గింజలు. బొల్లి మచ్చల మీద పూసి ఎండలో నిలబెట్టే పాత వైద్యం ఆ గుణం మీదే ఆధారపడింది. సోరలెన్ చర్మాన్ని ఎండకు అతిగా స్పందించేలా చేస్తుంది. ఇప్పటికే నల్లబడిన చంకలకు దాన్ని పట్టించి మెడ, భుజాల మీదుగా ఎండలోకి వెళ్లడం ఎంత తప్పో వేరే చెప్పనక్కర్లేదు. చెంగల్వ కోష్టు వేరులోని సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు బలమైన అలర్జీ కారకాలు. ఆ వేరు నూనెను పరిమళాల్లో వాడవద్దని అంతర్జాతీయ పరిమళ పరిశ్రమ తనకు తాను నిషేధం పెట్టుకుంది. మిగిలిన మూడింటిలో వట్టివేళ్లు ఎక్కువమందికి పడతాయి. కాని మీ చర్మం పూర్తిగా మానేదాకా వాటిని కూడా బీరువాలో బట్టల మధ్యే ఉంచండి. పసుపు, వేపాకు గురించి అడిగేవారుంటారు. రెండింటికీ అలర్జీ వచ్చేవారు ఉన్నారు, పసుపు మరక జాకెట్టుకు పట్టిందంటే వదలదు, చంకలకు వాటివల్ల ప్రత్యేకంగా ఒరిగేది కూడా నాకు కనిపించలేదు.

ఇప్పుడు తయారీకి వస్తాను. మీకు నేను మొదట సూచించేది పొడి. అందులో నీరు లేదు గనుక చెడిపోదు, నూనె లేదు గనుక వేసవిలో కరగదు, బట్టకు మరక పడదు. పాలగుండ (యారోరూట్ పిండి) 60 గ్రాములు, తెల్ల కేవోలిన్ మట్టి 25 గ్రాములు, జింక్ ఆక్సైడ్ 15 గ్రాములు తీసుకోండి. చెంచాల లెక్క ఇక్కడ పనికిరాదు. జింక్ ఆక్సైడ్ బరువైనది, పాలగుండ తేలికైనది, అందుచేత ఒక గ్రాము తేడా చూపగల వంటింటి తూకం కావాలి. పాలగుండ తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి పలుచని బట్ట కప్పి ఒక పూట ఎండలో ఆరబెట్టి వాడండి. జింక్ ఆక్సైడ్‌ను మందుల షాపులో, ఔషధ ప్రమాణానికి సంబంధించిన ఐపీ అన్న అక్షరాలు డబ్బా మీద ఉన్నది చూసి మాత్రమే కొనండి. రంగుల దుకాణాల్లో, రసాయనాల టోకు అంగళ్లలో చవకగా దొరికేది రబ్బరు, పెయింట్ల కోసం చేసినది, అందులో సీసం వంటివి కలిసి ఉండవచ్చు. కేవోలిన్ కూడా సౌందర్య సాధనాలకు అమ్మే రకమే తీసుకోవాలి. ముల్తానీ మట్టి దానికి బదులు కాదు, అది చర్మంలోని తడిని అతిగా లాగి పగుళ్లు తెస్తుంది.

మూడింటినీ పొడి మిక్సీ గిన్నెలో వేసి ఆపి ఆపి తిప్పి, మూత వెంటనే తీయకుండా దుమ్ము అణిగేదాకా ఆగండి. తర్వాత పాత మల్లు బట్టలో వేసి వస్త్రగాళితం చేయండి. ఆయుర్వేదంలో చూర్ణాలకు చేసే ఈ పని చంకల పొడికి అంతకన్నా అవసరం, ఎందుకంటే వేళ్ల మధ్య నలిపితే తగలని సన్నని పలుకు కూడా చంక మడతలో రోజంతా ఒరుసుకుంటుంది. బట్ట మీద మిగిలిన గరుకును మళ్లీ నూరి కలపకుండా పారేయండి. జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. వెడల్పు మూతి ఉన్న పొడి డబ్బాలో పోసి, దూదితో చిటికెడు తీసి అద్దుకోండి. పౌడరు డబ్బాలా చిల్లుల మూతతో చల్లుకుంటే సగం పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్నానం తర్వాత చంకలు పూర్తిగా ఆరాకే అద్దాలి. తడి మీద అద్దితే పాలగుండ అంబలిలా ముద్దకట్టి దురద పెడుతుంది. చంకల్లో ఈస్టు ఇన్‌ఫెక్షన్ ఇంతకుముందు వచ్చినవారు పాలగుండను మానేసి కేవోలిన్ 80, జింక్ ఆక్సైడ్ 20 పాళ్లలో కలుపుకోవచ్చు.

రెండోది పటిక నీరు. మంగలి షాపుల్లో గడ్డం గీసిన తర్వాత చెంపలకు రుద్దే పటికే ఇది, పచారీ కొట్లో గడ్డలుగా దొరుకుతుంది. రసాయనశాస్త్రంలో ఇది పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. అందుచేత పటిక గడ్డను అల్యూమినియం లేని డియోడరెంట్ అని అమ్మడం సరికాదు. అయితే ఇది యాంటీపర్‌స్పిరెంట్లలోని అల్యూమినియం క్లోరోహైడ్రేట్ అంతగా నాళాలను మూయదు. చర్మాన్ని కొంచెం బిగించి, ఆమ్లంగా మార్చి, బాక్టీరియాను అదుపులో ఉంచుతుంది. డిస్టిల్డ్ నీరు గాని, బాగా మరిగించి చల్లార్చిన నీరు గాని 95 మిల్లీలీటర్లు తీసుకుని, అందులో మెత్తగా దంచిన పటిక 2 గ్రాములు పూర్తిగా కరిగించి, శుభ్రమైన గుడ్డలో వడకట్టి, గ్లిజరిన్ 3 మిల్లీలీటర్లు కలపండి. వేడినీళ్లలో కడిగి ఆరబెట్టిన గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి, 10 రోజుల్లో వాడేయండి. తడి ఉన్న ఏ పదార్థమైనా నిల్వకారిణి లేకుండా బయట ఉంచితే మన వాతావరణంలో త్వరగా చెడుతుంది, కంటికి కనిపించేలోగానే అందులో సూక్ష్మజీవులు పెరిగి ఉంటాయి. తాజా కలబంద గుజ్జు కలిపిన మిశ్రమాల ఇబ్బంది కూడా ఇదే.

ఈ నీటిని దూదితో చంకలకు తుడిచి, ఆరిన తర్వాత పైన చెప్పిన పొడి అద్దుకుంటే రెండూ కలిసి బాగా పనిచేస్తాయి. చురుక్కుమంటే పటికను ఒక గ్రాముకు తగ్గించండి. అప్పటికీ చురుక్కుమంటే అది మీ చర్మానికి పడలేదు, వదిలేయండి. నేరుగా గడ్డనే తడిపి రుద్దుకునే పద్ధతి ఉంది గాని, దాని అంచులు విరిగి గీసుకుంటాయి, ఒకరి గడ్డ ఇంకొకరు వాడటం ఎలాగూ తగదు. ఇంకొక మాట: పటికను, వంటసోడాను కలిపి చేసే వంటకాలు వీడియోల్లో కనిపిస్తాయి. ఆ రెండూ తడిలో కలిస్తే బుసబుసమని నురగ వచ్చి ఒకదాని గుణాన్ని ఇంకొకటి చంపేసుకుంటాయి, మిగిలే మడ్డి వల్ల ఉపయోగం లేదు.

మూడోది లేపనం. చర్మం బాగా పొడిబారినవారికి, చలికాలానికి ఇది బాగుంటుంది. విదేశీ వంటకాల్లో కొబ్బరినూనె, పాలగుండ కలిపితే వెన్నలాంటి ముద్ద తయారవుతుందని రాస్తారు. ఆ దేశాల్లో అది నిజమే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, విజయవాడలో ఆ మాత్రం చల్లదనం ఎన్ని రోజులుంటుందో మీకు తెలుసు. ఆ వంటకం ప్రకారం చేసినది మే నెలలో డబ్బాలో అడుగున పిండి, పైన నూనెగా విడిపోయి ఉంటుంది. అందుకే కొంకణ ప్రాంతపు కోకం గింజల నుంచి తీసే కోకం వెన్నను, తేనె మైనాన్ని వాడాలి. కోకం వెన్న 40 డిగ్రీల దరిదాపుల్లోగాని కరగదు, తేనె మైనానికి 62 డిగ్రీలు దాటాలి. కొబ్బరినూనె 45 గ్రాములు, కోకం వెన్న 20, తేనె మైనం 12, జింక్ ఆక్సైడ్ 13, పాలగుండ 10 గ్రాములు తీసుకోండి. వేసవిలో మైనాన్ని 15కు పెంచి నూనెను 42కు తగ్గించండి. కొబ్బరినూనె గానుగదైనా, శుద్ధి చేసినదైనా సరే, తలకు రాసుకునే సువాసన నూనె మాత్రం కాకూడదు.

వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి ముందు మైనం, తర్వాత కోకం వెన్న, చివర నూనె కరిగించండి. జింక్ ఆక్సైడ్‌ను నేరుగా వేయకుండా, ముందుగా తీసి ఉంచిన రెండు చెంచాల నూనెతో రాతి కల్వంలో గాని, గాజు పలక మీద గాని మెత్తని పేస్టులా నూరి కలపాలి, లేకపోతే తెల్లని ఉండలు మిగిలిపోతాయి. పొయ్యి దించి, పాలగుండ చల్లి, చిక్కబడడం మొదలయ్యేదాకా కలుపుతూనే ఉండి అప్పుడు డబ్బాలో పోయండి. మరీ పలుచగా ఉండగా పోస్తే జింకు అడుగుకు దిగుతుంది. ఒక్క నీటి చుక్క కూడా పడకూడదు. వాడేటప్పుడు తడి చేతిని డబ్బాలో పెట్టకుండా, శనగగింజంత తీసి వేళ్ల మధ్య మెత్తబరిచి రాసుకోవాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ పని చేయదు, జాకెట్టుకు నూనె మరక మాత్రం పడుతుంది. తయారైన 3 నెలల్లోపు అయిపోయేంతే చేసుకోండి. నూనె కంపు మొదలైతే పారేయండి.

ఇక్కడ ఆముదం ప్రస్తావన రావడం సహజం. ఖరీదైన డియోడరెంట్లలో జింక్ రిసినోలియేట్ అనే పదార్థం వాసన అణువులను పట్టి ఉంచుతుంది, అది ఆముదంలోని రిసినోలియిక్ ఆమ్లం నుంచే తయారవుతుంది. దాంతో జింక్ ఆక్సైడ్, ఆముదం కలిపితే ఇంట్లోనే అది తయారవుతుందని కొందరు రాస్తున్నారు. ఆముదంలో ఆ ఆమ్లం గ్లిజరిన్‌తో గట్టిగా బంధించి ఉంటుంది. గిన్నెలో కలియదిప్పినంత మాత్రాన ఆ బంధం వీడదు, చేతికి వచ్చేది జిడ్డు ముద్దే. మలబద్ధకానికి తాగే మందైన మిల్క్ ఆఫ్ మెగ్నీషియాను కొందరు చంకలకు రాసుకుంటారు, అది మాత్రం నిజంగా పనిచేస్తుంది. అందులోని మెగ్నీషియం హైడ్రాక్సైడ్ క్షారమే అయినా నీళ్లలో చాలా తక్కువగా కరుగుతుంది గనుక సోడా అంతగా కాల్చదు. అయితే మన మందుల షాపుల్లో దొరికే సీసాలు చాలావరకు లిక్విడ్ పారాఫిన్, తీపి, పుదీనా వాసన కలిపినవి. ఏమీ కలపనిది దొరికితే పెళ్లి, ప్రయాణం వంటి రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు, రోజూ వద్దు.

ఏది చేసినా నేరుగా చంకలకు పూయకండి. ముంజేతి లోపలి వైపు, మోచేతి మడతకు కాస్త కింద, రూపాయి బిళ్లకు రెండింతల చోట ఉదయం, సాయంత్రం 7 రోజులు రాస్తూ, దురద, ఎరుపు, చిన్న పొక్కులు వస్తున్నాయేమో చూడండి. ఒక్కసారి రాసి మరునాడు బాగుందని నిర్ణయానికి రావద్దు, అలర్జీ చాలాసార్లు మూడో, నాలుగో రోజున గాని బయటపడదు. అది దాటాక ఒక వారం ఎడమ చంకకు మాత్రమే వాడి కుడిదానితో పోల్చి చూడండి. వెంట్రుకలు తీసిన రోజు, ఆ మర్నాడు ఏదీ పూయవద్దు. గీసిన చర్మం మీద పటిక నీరు సెలైన్ సూదిలా గుచ్చుతుంది.

ఇన్ని చెప్పినా, సగం వాసన బట్టల్లోనే ఉంటుందన్నది నా అనుభవం. పాలిస్టర్ జాకెట్టు చెమటలోని జిడ్డును పట్టుకుని ఉతికినా వదలదు, వేసుకున్న అరగంటకే పాత వాసన లేస్తుంది. నూలు బట్టలో అది తక్కువ. చంకల దగ్గర లైనింగు వేయించేటప్పుడు దర్జీతో పలుచని నూలు గుడ్డే వేయమని గట్టిగా చెప్పండి, చాలామంది సింథటిక్ ముక్క వేసేస్తారు. మీ దగ్గర మిగిలిన వంటసోడాకు ఇక్కడ పని ఉంది: బకెట్ నీళ్లలో రెండు చెంచాలు వేసి జాకెట్ల చంక భాగాన్ని అరగంట నానబెట్టి, ఉతికి, బాగా జాడించి, తిరగేసి ఎండలో ఆరేయండి. సువాసన కావాలంటే చార్మినార్ పరిసరాల్లో దొరికే వట్టివేళ్ల అత్తరు ఒక చుక్క చీర కుచ్చెళ్ల లోపలి అంచుకు అద్దుకోండి, ఒంటికి తగలకుండా. మధ్యాహ్నం విరామంలో తడి గుడ్డతో చంకలు తుడుచుకుని, ఆరాక కాస్త పొడి అద్దుకుంటే సాయంత్రం దాకా ఇబ్బంది ఉండదు.

మీ అమ్మాయికి ఇప్పుడే పటిక, లేపనం అక్కర్లేదు. పదమూడేళ్లకు చెమట వాసన మొదలవడం సహజం. రెండు పూటలా కడుక్కోవడం, రోజూ ఉతికిన నూలు లోదుస్తులు, బడికి వెళ్లేటప్పుడు చిటికెడు పొడి చాలు. ఎనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు, తొమ్మిదేళ్లు నిండని మగపిల్లవాడికి పెద్దవాళ్లలాంటి చెమట వాసన వస్తే మాత్రం పిల్లల వైద్యుడికి చూపించాలి. ఇల్లు దాటి స్నేహితురాళ్లకు పంచే దాకా వస్తే ఏ వస్తువు ఎంత వేశారో డబ్బా మీద రాసి ఇవ్వండి. అమ్మాలనుకుంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి లైసెన్సు తప్పనిసరి.

చివరిగా, డియోడరెంట్ మార్చినందువల్ల తగ్గని జబ్బులు కొన్ని ఉంటాయి, వాటిని గుర్తించడానికి అద్దం ముందు చేయి పైకెత్తి ఎరుపు ఎక్కడుందో చూడండి. చంక గుంట నడిమధ్య ఉంటే పూసిన పదార్థం మీద అనుమానం. గుంట బాగానే ఉండి దాని అంచుల చుట్టూ, జాకెట్టు కుట్లు ఒరుసుకునే చోట ఉంటే బట్ట రంగు మీద అనుమానం. గోధుమరంగు మచ్చ అంచులు గీసినట్టు విస్తరిస్తుంటే అది బాక్టీరియా వల్లగాని, తామర వల్లగాని కావచ్చు. నలుపు మెత్తని ముఖమల్‌లా మందంగా ఉండి మెడ మీద కూడా కనిపిస్తే మధుమేహం పరీక్ష చేయించుకోవాలి. గడ్డలు లేచి, చీము కారి, మానినచోటే మళ్లీ వస్తుంటే ఆలస్యం చేయకూడదు. మందుల షాపువారు ఇచ్చే మూడు మందులు కలిపిన ట్యూబు మాత్రం తీసుకోకండి. వాటిలో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది, చంక వంటి పలుచని చర్మం మీద అది శాశ్వతమైన చారలు తెస్తుంది. 4 వారాల తర్వాత కూడా మంట తగ్గకపోతే చర్మవైద్యుణ్ణి కలిసి ప్యాచ్ పరీక్ష అడగండి. వీపు మీద అలర్జీ పదార్థాలున్న పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి చూస్తారు, ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు. వెళ్లేటప్పుడు మీరు వాడిన రోల్-ఆన్ సీసాలు, టీ ట్రీ నూనె సీసా లేబుళ్లతో సహా సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.